నీలిమందు వాన

ఎండకు నవ్వుమొహం గీసినవాడెవడో ఒక్కసారి నాకు కనిపిస్తే బాగుండును. వేసవి మిట్టమధ్యాహ్నం కువైట్‌లో హవల్లీ బస్‌స్టాపులో ఓ అరగంట నిలబెడతాను. ఆ తర్వాత కూడా అదే మొహం గీస్తానంటే సరే, గీసుకోమంటాను.

నేను పనిచేసే నర్సరీలో తరగతి గోడకు ఒక చార్టు, దాని కింద వేలాడే సంచిలో ఆ నవ్వే సూర్యుడు ఉంటాడు. ఆయన పక్కన బుగ్గలున్న మబ్బు, గొడుగు పట్టుకున్న వాన, చెట్టును వంచుతున్న గాలి, మంచు మనిషి. అన్నీ రంగుల అట్టబొమ్మలు. రోజూ పొద్దున పిల్లలు గుండ్రంగా కూర్చున్నాక మిస్ "ఈరోజు బయట ఎలా ఉంది?" అని అడుగుతుంది. ఒక పిల్ల లేచి, సంచిలోంచి ఒక బొమ్మ తీసి చార్టుకు అంటిస్తుంది. ఆ మంచు మనిషి నేను చేరినప్పటి నుంచీ సంచి దాటి బయటికి రాలేదు. దుమ్ముకు మాత్రం బొమ్మే లేదు. కువైట్‌లో పిల్లలకు నేర్పే చార్టులో దుమ్ము లేకపోవడమేమిటని అడిగితే, అది సెట్టుగా వస్తుంది ఆంటీ, విడిగా దొరకదు అన్నారు. చేసి అమ్మినవాళ్లకు ఈ ఊరు తెలియదు సరే, కొన్నవాళ్లకు కిటికీ లేదా?

నేను అక్కడ ఆయాను, పిల్లలకు ఆంటీని. ముక్కులు తుడుస్తాను, బూట్లు తొడుగుతాను, ఏడ్చేవాళ్లను ఎత్తుకుంటాను. ఇరవై ఏళ్లు అరబ్బుల ఇళ్లల్లో మెట్లు కడిగి, మోకాళ్లు మొరాయించాక ఈ పనిలో చేరాను. మిస్ గోదావరి పక్క అమ్మాయి. నా కూతురి వయసు. ఓపిక ఉన్న పిల్ల, పాఠం బాగా చెబుతుంది. మొన్న వాతావరణం గురించి వారమంతా ఆటలు పెట్టింది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన గడ్డం గీసుకునే నురగ పెట్టి, దాని మీద నీలం రంగు చుక్కలు వేసింది. కాసేపటికి రంగు నురగలోంచి దిగి నీళ్లల్లో తీగలు తీగలుగా జారింది. అదీ వాన. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. నేనూ చూశాను, అబద్ధమెందుకు.

ఐదో రోజు దుమ్ము లేచింది. తెల్లారేసరికే ఆకాశం, రోడ్డు, కార్లు అన్నీ ఒకటే రంగు. నేనుండే అబూ హలీఫా నుంచి వచ్చే బస్సులో చున్నీ ముక్కుకు కట్టుకుని కూర్చున్నా నోట్లో మట్టి కరకరలాడింది. నర్సరీ తలుపు కింద తడి టవల్ పెట్టాను. సగం మంది పిల్లలు రాలేదు. వచ్చినవాళ్లలో నాలుగేళ్ల పిల్ల ఒకతి కిటికీ దగ్గర నిలబడి, "ఆంటీ, బయట ఎక్కడికి పోయింది?" అని అడిగింది. అంతకన్నా సరిగ్గా ఏ పెద్దవాళ్లూ చెప్పలేరు.

ఆరోజు ప్లాన్‌లో ఎండ రోజు. పిల్లలంతా పసుపు బట్టలు వేసుకొచ్చారు. మిస్ ఫోన్ చేతిలో పట్టుకుని నన్ను పిలిచింది.

"ఆంటీ, ఆ సూర్యుణ్ణి కాస్త చార్టుకి పెట్టేయండి. ఫొటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టాలి."

"బయట సూర్యుడు యాడుండాడు మిస్? ఎదురింటి గోడే కనపడ్లే."

"ప్లాన్‌లో ఇవాళ ఎండండీ. పాపం పిల్లలు పసుపు బట్టలు కూడా వేసుకొచ్చారు."

"పసుపు గుడ్డలేసుకుంటే ఎండొస్తాదా? దుమ్ము పడ్తాంటే దుమ్మని చెప్పల్ల గదా."

"దుమ్ముకి బొమ్మ లేదు కదండీ."

"లేకపోతే ఖాళీగా ఉండనీండి. లేని ఎండను నేను పెట్టను."

మిస్ నవ్వేసింది. "పిల్లల చార్టే కదా ఆంటీ. ఎవరు చూస్తారండీ?" అని తనే సూర్యుణ్ణి తీసి అంటించింది. దగ్గుతున్న పిల్లలను చార్టు ముందు నిలబెట్టి, చెంపల మీద వేళ్లు పెట్టించి నవ్వించి ఫొటో తీసింది.

ఆ అమ్మాయి మీద కోపం లేదు అని రాద్దామనుకున్నాను గానీ, ఉంది. ఎవరు చూస్తారట. చూస్తారు. చూసినవాణ్ణి నేను చూశాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మాది కడప దాటి లోపలికి, బస్సు దిగాక కూడా చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు. ఇప్పుడు ఆ ఊరు ఉంది గానీ నేను చెప్పే ఊరు లేదు. ఎద్దులు లేవు, ఒంటిగది బడి లేదు, ఊరి ఆడవాళ్లలో సగం మంది ఇక్కడ కువైట్‌లోనే ఉన్నారు. అప్పట్లో బడికి ఎదురిల్లు మాదే. పొద్దున అమ్మ సంగటి కెలుకుతుంటే రాగిపిండి ఉడికే వాసన, బడిలో పలకలు తుడిచిన తడిగుడ్డ వాసన, రెండూ కలిసే మా వీధి వాసన. బడి తాళంచెవి మా జేజి బొడ్లో ఉండేది. జేజి అంటే మా నాయన తల్లి. ఆ తాళంచెవి బొడ్లో ఉన్నందుకు ఆమె తనను తాను హెడ్మాస్టరుకు పైఅధికారి అనుకునేది.

ఆ ఏడు వేసవి సెలవులు అయిపోగానే కొత్త అయ్యవారు వచ్చాడు. కోస్తా మనిషి, పెళ్లికానివాడు. నా జాతకంలో వాన పాఠాలు చెప్పేవాళ్లంతా నీళ్లున్న ఊళ్ల నుంచే వస్తారు. ఆయన వచ్చిన మొదటి వారమే మమ్మల్ని బయటికి తీసుకెళ్లి, వేలు తడిపి గాల్లో పెట్టమన్నాడు. ఏ పక్క చల్లగా తగిలితే గాలి ఆ పక్క నుంచి వస్తున్నట్టు. మేము ఎంగిలి వేళ్లు పైకెత్తుకుని వరసగా నిలబడి ఉంటే, చేన్ల నుంచి వచ్చేవాళ్లు ఆగి మరీ నవ్వారు. తాటాకు చీల్చి గాలిమర చేయించాడు. ఒక ఖాళీ డబ్బాకు లోపల స్కేలు కట్టి, బడి ముందు రాళ్ల మధ్య కదలకుండా పెట్టి, వాన వస్తే దీనిలో కొలుస్తాం అన్నాడు.

జేజికి ఆ డబ్బాను చూస్తే ఒళ్లు మండేది.

"ఏమయ్యా అయివారూ, డబ్బాలోకి తొంగి చూస్తే వానొస్తాదా? సీమలు గుడ్లెత్తుకోని పోతాండాయేమో చూడల్ల. చందమామ సుట్టూ గుడి కట్టిందేమో చూడల్ల. గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే దూరం. ఇయన్నీ మీ పుస్తకంలో ఉండాయా?"

"లేవమ్మా. మీరొచ్చి చెప్పండి, పిల్లలతో పాటు నేనూ రాసుకుంటాను," అన్నాడాయన.

ఆమె నిజంగానే వెళ్లింది. తలకు కొంగు కప్పుకుని, కుర్చీలో కూర్చుని, ఒక పూటంతా చీమల గురించీ తూనీగల గురించీ మట్టిలో పొర్లాడే పిచ్చుకల గురించీ చెప్పింది. ఆయన రాసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి జేజి ఆ డబ్బాను కుక్కలు ముట్టకుండా కాపలా కాసింది.

చార్టు కూడా ఆయనే పెట్టాడు. నెలకొకటి చొప్పున పాత క్యాలెండరు కాగితం వెనకవైపు గళ్లు గీసి, రోజుకొక గడి ఇచ్చాడు. బొమ్మలకు రంగులు మా ఇళ్ల నుంచే. సూర్యుడికి పసుపు, మబ్బుకు పొయ్యిలో బొగ్గు, వాన చుక్కకు నీలిమందు. పండగలకు మా నాయన తెల్లపంచె నానబెట్టడానికి అమ్మ గూట్లో దాచుకునే పొట్లం అది. అంటించడానికి తుమ్మబంక. ఏ రోజుకు ఆ రోజు ఒకరు బొమ్మ అంటించాలి.

వాన చుక్క పడిన రోజు ఒక కథ. అదీ ఆయన పెట్టిన నియమం. సముద్రంలో పుట్టిన ఒక పిల్ల మేఘం మా ఊరు చూడాలని బయల్దేరుతుంది. దారిలో ఒక్కో ఊరి జనం దాని కొంగు పట్టుకుని లాగి, ఇక్కడ కురిసిపో, ఇక్కడ కురిసిపో అంటారు. అది కాస్త కాస్త ఇచ్చుకుంటూ చిక్కిపోతూ వస్తుంటుంది. ఆ కథ ముక్కలు ముక్కలుగా, వాన పడిన రోజు మాత్రమే చెప్పేవాడు. ఎండ రోజు ఎంత బతిమాలినా చెప్పడు. "వానొచ్చినప్పుడు సంతోషంగా ఉండటం నేర్చుకోవాలి మీరు," అనేవాడు. కరువు సీమలో వానకు సంతోషపడటం నేర్పాలా? ఈ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు చిరాకే. మంచివాడు గానీ తెలియనివాడు.

ఆరుద్ర కార్తెలో రెండు వానలు పడ్డాయి. నేల పదునైంది. ఊరంతా శెనక్కాయ విత్తారు. గొర్రు వెనక విత్తనాలు వేస్తున్న అమ్మ ఒడిలోంచి పిడికెడు గింజలు కొట్టేసి గెనెం గట్టు మీద కూర్చుని తినేసి, అక్క చేతిలో తన్నులు తిన్నాను. అక్క నాకన్నా ఏడేళ్లు పెద్దది. బడిలో రెండు చుక్కలు, రెండు కథలు. మేఘం మూడో ఊరు దాటింది.

ఆ తర్వాత లేదు. ఒక నెల చూశాం, రెండు నెలలు చూశాం. చార్టు నిండా పసుపు సూర్యుళ్లే. మొక్కలు జానెడు లేచి, ఆకులు ముడుచుకుని, నేలకు అంటుకుపోయాయి. బావులు ఎండాయి. ఊరి బయట ఉన్న ఒక్క చేతిబోరు దగ్గర అమ్మ తెల్లవారుజామున బిందె వరసలో పెట్టి వచ్చేది. మాకు ఎద్దులు రెండు, ఎర్రది, తెల్లది. నాయన వాటికి వేపాకు, రావాకు, ఇంటి కప్పు మీది పాత బోదగడ్డి కూడా దూసి పెట్టాడు. చివరికి మా కొట్టం మీద ఆకాశం కనిపించేది.

అప్పుడు ఊళ్లో చేయాల్సినవన్నీ చేశారు. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, పిల్లలం ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు దాని మీద నీళ్లు పోశారు. తాగడానికి లేని నీళ్లు కప్ప మీద పోయడానికి ఎవరూ వెనకాడలేదు. ఊరికి ఎగువన బండ మీద వరదపాశం చేశారు. బెల్లం పాయసం వండి, వేడివేడిగా బండ మీద పారబోసి, పిల్లలను చేతులు వెనక్కి కట్టుకుని నాకమనడం. బండ వేడి, పాయసం వేడి, పైన ఎండ. నేను పూజ కాకముందే ఒక మూల నాకి నాలుక కాల్చుకున్నాను. బెల్లం, దుమ్ము కలిసిన ఆ రుచి ఇంకా గుర్తుంది.

"పాశం ఎందుకు పారబోసేది జేజీ?" అని అడిగాను.

"వరదొచ్చినట్ల చేసి చూపిస్తే నిజం వరద చూసి వస్తాది మే. పైనోళ్లకు గుర్తు చేయల్ల. మనం చేసి చూపిస్తే అయి మాదిరే చేస్తాయి."

ఆ మాట నేను నమ్మాను. మా ఊళ్లో నమ్మనివాళ్లు ఎవరు?

ఆ రోజుల్లోనే అయ్యవారిని శిక్షణ కోసం రెండు వారాలు పట్నానికి పిలిచారు. బడి మూతపడింది. తాళంచెవి జేజి బొడ్లో, చార్టు గోడ మీద, ఖాళీ గళ్లతో. తొమ్మిది గళ్లు ఖాళీగా పోయాక ఒక మధ్యాహ్నం జేజి నిద్రపోతుండగా తాళంచెవి లాగాను. గూట్లో నీలిమందు పొట్లం, అక్క పాత నోటుపుస్తకంలో రెండు కాగితాలు తీసుకున్నాను. బడిలో ఒంటరిగా కూర్చుని చుక్కలు కత్తిరించి, వేళ్లతో నీలం పూసి, తుమ్మబంక కనపడక సంగటి మెతుకుతో అంటించాను. తొమ్మిది చుక్కలు. నాకు రెండు లెక్కలు. వానను చేసి చూపిస్తే వాన వస్తుంది. రాకపోయినా, అయ్యవారు వచ్చి చుక్కలు చూసి తొమ్మిది కథలు చెప్పాలి. అమ్మ మోసుకొచ్చిన బిందెలోంచి ఒక చెంబు ముంచుకెళ్లి బయట డబ్బాలో పోశాను. తాళం వేసి, చెవి మళ్లీ జేజి బొడ్లో దోపాను. ఆమె కదల్లేదు.

మూడో రోజు రెవెన్యూ ఆయన వచ్చాడు.

ఆయన కోసం ఊరు నెల రోజులుగా ఎదురుచూస్తోంది. ఏ ఊళ్లో వాన లేదో ఆయన చూసి రాసుకుపోతే, ఆ ఊరికి సర్కారు వాళ్లు గడ్డి తెచ్చి పోస్తారు. ఆయన రాయకపోతే గడ్డి లేదు. ఇంతే విషయం. మా ఎర్రెద్దు అప్పటికే పడుకుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చేది. ఆయన జీపులో దిగి, ఊరిపెద్ద ఇంట్లో కోడికూర తిని, నీడ కోసం బడి తెరిపించమన్నాడు. జేజే తాళం తీసింది. కుర్చీ వేశారు. నాయనా, ఇంకో పదిమందీ వాకిట్లో నిలబడ్డారు. మేము పిల్లలం కిటికీకి వేలాడాం.

"చేన్లు చూద్దురుగాని రండి సార్, దగ్గరే," అన్నాడు నాయన.

"ఈ ఎండలో ఎక్కడ తిరగమంటావయ్యా?" అంటూ ఆయన విసనకర్రతో విసురుకుని, అటూ ఇటూ చూసి, చార్టు దగ్గర ఆగాడు. లేచి దగ్గరికి వెళ్లాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఏమిటివి? వానలా? తొమ్మిది?"

ఎవరికీ అర్థం కాలేదు. అంతా చార్టు వైపు చూశారు.

"పిల్లోల్ల ఆటబొమ్మలు సార్ అయి," అన్నాడు నాయన. "వానే లేదు. మీరు చేను చూడండి."

ఆయన బయటికి వచ్చి డబ్బాలో చూశాడు. అడుగున వేలి మందాన నీళ్లు ఇంకా ఉన్నాయి.

"నీళ్లు కూడా ఉన్నాయి కదయ్యా. గడ్డి కోసం పెద్దవాళ్లు అబద్ధమాడతారు గానీ, బడి పిల్లలు అబద్ధం రాయరు."

నాయన చేతులు జోడించాడు. ఊరిపెద్ద ఏదో నచ్చజెప్పబోయాడు. రెవెన్యూ ఆయన ముందే మనసులో రాసుకుని వచ్చినవాడు, ఆ మాట నాకు ఇప్పుడు తెలుసు. జీపులోంచే మా పైరు కనిపిస్తుంది. కళ్లున్నవాడికి చార్టు అక్కర్లేదు. రాయకుండా ఉండటానికి ఆయనకొక సాకు కావలసి వచ్చింది, దాన్ని నేను నీలిమందుతో చేసి గోడకు అంటించి పెట్టాను. నా నోట్లో మాట ఉంది. నేనే సార్, ఆ నీళ్లు మా అమ్మ బిందెలోవి సార్. అంతే చెప్పాలి. చెప్పలేదు. జీపు పోయింది.

గడ్డి పక్క ఊరికి వచ్చింది. మాకు రాలేదు. పది ఇళ్లల్లో గొడ్లు పోయాయి. కొన్ని కట్టుగొయ్యల దగ్గరే, కొన్ని సంతకు. మా నాయన రెండిటినీ సంతకు తోలుకుపోయాడు. కొనేది కోతకు కొనేవాళ్లేనని ఊరందరికీ తెలుసు. పోయేముందు అమ్మ వాటికి కొమ్ముల మధ్య పసుపు రాసింది. నాయన తిరిగొచ్చి పలుపుతాళ్లు దూలానికి తగిలించాడు.

అయ్యవారు శిక్షణ ముగించుకుని వచ్చేసరికి ఊరు ఆయన కోసం కాచుకుని ఉంది. శిక్షణకు పోతూ పోతూ, రికార్డు ఖాళీగా ఉండకూడదని ముందే చుక్కలు అంటించి పోయాడని ఊరంతా తీర్మానించుకుంది. అందరికంటే ముందు నిలబడి, అందరికంటే గట్టిగా అరిచింది మా నాయనే.

"నీకు జీతం వస్తాది. మాకు ఎద్దులే జీతం. ఎవురి కోసం రాసినావు ఆ వానలు?"

ఆయన బడిలోకి వెళ్లాడు. చార్టుకు దగ్గరగా మొహం పెట్టి చూశాడు. ఎండిన సంగటి మెతుకులను గోటితో గీకాడు. తర్వాత కిటికీ దగ్గర నిలబడ్డ మా వైపు తిరిగాడు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఎంతసేపు చూశాడో తెలియదు.

"బడి నాది, చార్టు నాది. తప్పు నాదే," అన్నాడు బయటికి వచ్చి.

ఆ వారంలోనే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పోయాడు. సాగనంపడానికి ఎవరూ వెళ్లలేదు. జేజి ఒక్కతే వాకిట్లో నిలబడి, "పాపం, పిల్లోడు సీమలు గుడ్లు మోసే సంగతి గూడా రాసుకున్నాడు," అంది. మేఘం కథ ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత మా బడికి రెండేళ్లు ఎవరూ రాలేదు. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నట్టు, ఉత్తర కార్తె కూడా తప్పాక ఊళ్లో సగం ఇళ్లు మూటాముల్లె సర్దుకున్నాయి. మేము కూలికి బెంగళూరు పోయాం. అక్కడి నుంచి అక్క, అక్క వెనక నేను, ఏళ్ల తర్వాత ఇక్కడికి.

అయ్యవారి మీద కూడా నాకు కోపమే. అంత గొప్పగా తప్పు మీదేసుకోమని ఎవరడిగారు? ఆరోజు నా చెవి మెలేసి నలుగురి ముందు నిలబెట్టి ఉంటే, ఓ నాలుగు దెబ్బలతో పోయేది. ఆయన మంచితనం చేసిపోయాడు, నేను మోస్తున్నాను. రెవెన్యూ ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన మొహం మర్చిపోయాను గానీ ఆ విసనకర్ర గుర్తుంది. ఇన్నేళ్లుగా నేను తిట్టుకోని రోజు లేదు.

మిస్‌తో గొడవ జరిగిన మరునాడు శుక్రవారం, అక్కకు సెలవు. అక్క ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. సెలవు రోజున అబూ హలీఫాలోని నా గదికి వస్తుంది. ఆరోజు వాళ్ల మామా, అదే ఆ ఇంటి దొరసాని, ఇచ్చిన కోడి మజ్బూస్ పలావు గిన్నెలో తెచ్చింది. దుమ్ము ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇద్దరం కింద పేపరు పరుచుకుని కూర్చున్నాం. నర్సరీలో జరిగింది చెప్పాను. చెబుతూ చెబుతూ, ఇన్నేళ్లు ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేశాను.

"ఆ చుక్కలు అయివారు అంటించలేదక్కా. నేనే అంటించినా. డబ్బాలో నీళ్లు గూడా నేనే పోసినా."

అక్క అన్నంలోంచి లవంగం ఏరి పక్కన పెట్టింది.

"తెలుసులే," అంది.

"ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు. నాయనకు తెలుసు."

నేను చేయి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాను.

"ఎట్ల తెలుసు?"

"జీపు పోయినాక ఆ సాయంత్రం నాయన నిన్ను ఎత్తుకోని బోరుకాడికి పోలే? నీ గోళ్ల సందుల్లో నీలిమందు ఉండె. ఇసక పెట్టి రుద్ది రుద్ది కడిగినాడు. నువ్వు ఏడుస్తాంటివి. బోరు కొట్టింది నేనే గదా."

"తెలిసి, అయివారిని అంతమంది ముందర అట్ల అరిచినాడా?"

"అరవక ఏం చేస్తాడు? ఆయప్ప వచ్చి పోయేటోడు, మనం ఆడ బతకల్ల. పదిండ్ల గొడ్లు పోయినాయి మే. నీ పేరు బయటపడింటే మనకు ఆ ఊర్లో నిప్పు ఇచ్చేటోల్లు గూడా ఉండరు. నువ్వు ఆడబిడ్డవి. ఎవురి నోట్లో పడినా బతుకంతా అదే మాట." అక్క నా వైపు చూడలేదు. "ఆ పొద్దు ఇంటికొచ్చి నాయన అన్నం తినలేదు. అమ్మకు గూడా చెప్పొద్దన్నాడు. కూచో, తిను. చల్లగైపోతాంది."

నాయన పోయి చాలా ఏళ్లయింది. వెళ్లి అడగడానికి లేదు, అరవడానికీ లేదు. ఎద్దులు పోగొట్టుకున్న కోపంతో అరిచాడని, ఆ అరుపులో తప్పేముందని ఇన్నేళ్లూ నేను ఆయన పక్షానే ఉన్నాను. ఆయన నన్ను కాపాడటానికి ఒక తప్పు లేని మనిషిని ఊరి ముందు నిలబెట్టాడు. ఆ మనిషేమో నన్ను కాపాడటానికే ఒప్పుకున్నాడు. ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు నా ముందే నటించారు. ఇద్దరిలో ఒక్కడూ నన్ను ఒక్క మాట అడగలేదు.

మా నాయన నన్ను ఎత్తుకున్న జ్ఞాపకం నాకు అదొక్కటే. భుజం మీద నుంచి వీధంతా చిన్నగా కనిపించడం, ఆయన తలపాగాలో చెమట వాసన, బోరు నీళ్ల చల్లదనం. ఏడ్చానని అక్క అంటోంది గానీ నాకు ఏడుపు గుర్తులేదు. ఆయన అంతసేపు నా చేతులు పట్టుకోవడమే గుర్తుంది. ఒక్కో వేలూ విడదీసి, వంగి చూసి, మళ్లీ కడిగాడు. దాన్ని నేను ఇన్నేళ్లు ప్రేమ అనుకున్నాను. ప్రేమే. అందుకే ఇంత కోపంగా ఉంది.